సముద్రపు నత్తల అన్వేషకుడు – జాషువా ఆల్డర్

ఉద్దేశం: పట్టాలు, పదవులు లేకపోయినా నిశిత పరిశీలన, నిరంతర కృషి గల వ్యక్తి శాస్త్రానికి శాశ్వతమైన సేవ చేయగలడని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

సముద్రం వెనుకకు తగ్గినప్పుడు తీరంలోని రాతి గుంటలలో కొంత నీరు నిలిచిపోతుంది. ఆ నీటిలో నాచు మీద, రాళ్ల అడుగున కొన్ని మెత్తని ప్రాణులు మెల్లగా పాకుతూ ఉంటాయి. వాటిలో చాలా వాటి పొడవు అంగుళానికి మించదు. ఇవి నత్తల వంశానికి చెందినవే. అయితే నత్తకు రక్షణ కవచమైన గుల్ల వీటికి ఉండదు. పిల్ల దశలో చిన్న గుల్ల ఉన్నా, ఎదిగే క్రమంలో అది రాలిపోతుంది. వీటిలో ఒక పెద్ద వర్గానికి శ్వాసాంగాలు శరీరానికి వెలుపల, వీపు మీద పువ్వులా గాని, వేళ్ల వరుసల్లా గాని అమరి ఉంటాయి. అందుచేత శాస్త్రజ్ఞులు ఆ వర్గాన్ని న్యూడిబ్రాంకులు అన్నారు. ‘కప్పులేని మొప్పలు గలవి’ అని ఆ మాటకు అర్థం. ప్రపంచ సముద్రాలన్నింటిలో కలిపి సుమారు 3,000 జాతుల న్యూడిబ్రాంకులను నేటి శాస్త్రజ్ఞులు గుర్తించారు.

ఈ ప్రాణులు నీటిలో సజీవంగా ఉన్నంతవరకు వీటి సౌందర్యం వర్ణనాతీతం. పసుపు, ఎరుపు, ఊదా, నీలం మొదలైన రంగులు వీటి దేహాలపై మెరుస్తాయి. నీటి నుండి వెలికి తీసిన మరుక్షణమే ఇవి రూపురేఖలు లేని ముద్దలవుతాయి. స్పిరిట్‌లో భద్రపరిస్తే రంగులు వెలిసిపోతాయి, దేహం కుంచించుకుపోతుంది. గుల్ల గల నత్త మరణించినా దాని గుల్ల అలమరలో వందేళ్లు చెక్కుచెదరకుండా ఉంటుంది. గుల్ల లేని నత్తకు ఆ భాగ్యం లేదు. దానిని తెలుసుకోదలచిన వారు అది బతికి ఉండగానే చూడాలి, చిత్రించాలి, వర్ణించాలి. ఇట్టి ఓర్పుతో కూడిన పనికి జీవితాన్ని అంకితం చేసిన జంతుశాస్త్రజ్ఞుడు జాషువా ఆల్డర్.

ఆల్డర్ 1792 ఏప్రిల్ 7న ఇంగ్లండు ఈశాన్య ప్రాంతంలోని న్యూకాజిల్ నగరంలో ఒక వ్యాపార కుటుంబంలో జన్మించారు. చిన్న వయసులోనే కుటుంబ వ్యాపార భారం ఆయనపై పడింది. విశ్వవిద్యాలయంలో చదివే అవకాశం ఆయనకు లభించలేదు. పగలు దుకాణం వ్యవహారాలు చూస్తూ, తీరిక వేళల్లో నత్త గుల్లలను సేకరించి వాటి భేదాలను గుర్తించడం ఆయనకు అలవాటు. 1829లో న్యూకాజిల్‌లో ప్రకృతి చరిత్ర సంఘం ఏర్పడింది. ఆ మరుసటి సంవత్సరమే ఆల్డర్ ఆ ప్రాంతపు నేల నత్తలను, మంచినీటి నత్తలను గురించి ఒక పట్టికను రచించారు. ఈ విధంగా ఆయన శాస్త్ర జీవితం గుల్లలతో ఆరంభమై క్రమంగా గుల్ల లేని జీవుల వైపు మళ్లింది.

1840లో, 48 ఏళ్ల వయసులో, ఆల్డర్ వ్యాపారాన్ని విడిచిపెట్టారు. తాను కూడబెట్టిన ధనం నిరాడంబర జీవితానికి చాలునని భావించి, తక్కిన కాలమంతా జంతుశాస్త్రానికే వినియోగించాలని నిశ్చయించుకున్నారు. న్యూకాజిల్‌కు తూర్పున సముద్రతీరంలో కల్లర్‌కోట్స్ అనే జాలరి గ్రామం ఉంది. అక్కడి రాతి గుంటలే ఆయన ప్రయోగశాల అయ్యాయి.

ఈ కృషిలో ఆయనకు లభించిన సహచరుడు ఆల్బనీ హాన్‌కాక్. ఈయన ఆల్డర్ కంటె 14 ఏళ్లు చిన్నవాడు. న్యాయవాద వృత్తిలో శిక్షణ పొందినా, మనసు ప్రకృతి పరిశీలనపై లగ్నం కావడం వల్ల ఆ వృత్తిని వదిలివేశారు. చిత్రలేఖనంలోను, సూక్ష్మ దేహాల విచ్ఛేదనంలోను అసాధారణ నైపుణ్యం గలవారు. 1842 నాటికే వీరిద్దరూ కలిసి నార్తంబర్లాండ్ తీరంలో దొరికిన కొత్త జాతులను గురించి వ్యాసం ప్రకటించారు. వయోభేదం వారి స్నేహానికి అడ్డు రాలేదు. ఆల్డర్ మరణించే వరకు పాతికేళ్లు ఆ మైత్రి, ఆ సహకారం కొనసాగాయి.

వారి పని తీరు గమనింపదగినది. సేకరించిన ప్రాణిని సముద్రపు నీరు నింపిన గాజు పాత్రలో ఉంచేవారు. అది ముడుచుకొని ఉన్నంతసేపు ఓపికతో వేచి ఉండేవారు. అది కదలి, కొమ్ములు చాచి, మొప్పలు విప్పినప్పుడు ఉన్న రూపాన్ని ఉన్నట్లుగా రంగులలో చిత్రించేవారు. రిబ్బను వలె చుట్టలు చుట్టలుగా అది పెట్టే గుడ్ల వరుసను సైతం గీసి ఉంచేవారు. ఆ తరువాతనే సూక్ష్మదర్శిని కింద దేహ నిర్మాణాన్ని, ఆకురాయివంటి నాలుకపై గల పళ్ల వరుసలను పరిశీలించేవారు.

ఈ కృషి ఫలితమే బ్రిటిష్ సముద్రాల న్యూడిబ్రాంకులను గురించిన వారి మహాగ్రంథం. ప్రకృతి శాస్త్ర గ్రంథాల ప్రచురణ కోసం 1844లో ఏర్పడిన రే సొసైటీ 1845 నుండి 1855 వరకు దీనిని ఏడు భాగాలుగా వెలువరించింది. ఇందులోని రంగుల చిత్రాలు కేవలం అలంకారాలు కావు. స్పిరిట్‌లో వెలిసిపోయిన నమూనా చెప్పలేని విషయాన్ని ఆ చిత్రమే చెబుతుంది. అందువల్ల జాతి నిర్ణయంలో ఆ చిత్రాలు ప్రమాణాలయ్యాయి.

ఆ కాలంలోనే ఈ చిన్న ప్రాణులను గురించి ఒక పెద్ద వివాదం చెలరేగింది. ఫ్రాన్సు దేశపు ప్రసిద్ధ జంతుశాస్త్రజ్ఞుడు కాత్రఫాజ్ 1840ల నడుమ ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. కొన్ని న్యూడిబ్రాంకులలో జీర్ణనాళం శాఖలు శాఖలుగా చీలి, వీపు మీది వేళ్లలోకి సైతం వ్యాపిస్తుంది. ఆహార రసాన్ని దేహమంతటికీ ఆ శాఖలే అందిస్తాయని, అందుచేత రక్త ప్రసరణ వ్యవస్థ వీటిలో క్షీణించిపోయిందని ఆయన వాదం. ఈ వాదమే నిజమైతే, ఇవి నత్తల వంశానికి చెందినవన్న భావననే మార్చుకోవలసి వస్తుంది. న్యూకాజిల్ మిత్రులు ఈ సిద్ధాంతాన్ని అంగీకరించలేదు. హాన్‌కాక్, స్థానిక వైద్యుడైన డెన్నిస్ ఎంబుల్టన్‌తో కలిసి ఆ ప్రాణులను అతి జాగ్రత్తగా విచ్ఛేదించి, వాటి హృదయాన్ని, రక్తనాళాలను వర్ణిస్తూ 1845 నుండి వ్యాసాలు ప్రకటించారు. ఫ్రాన్సులో సైతం ఆ సిద్ధాంతానికి వ్యతిరేకత వచ్చింది. చివరకు అది నిలువలేదు. పేరు ప్రతిష్ఠలు గాక ప్రత్యక్ష ప్రమాణమే శాస్త్రంలో చెల్లుతుందనడానికి ఇది ఒక నిదర్శనం.

ఇంతలో ఆల్డర్ జీవితంలో పెద్ద విపత్తు సంభవించింది. 1857 నవంబరులో నార్తంబర్లాండ్ అండ్ డర్హమ్ డిస్ట్రిక్ట్ బ్యాంకు దివాలా తీసింది. ఏ ధనాన్ని నమ్ముకొని ఆయన వ్యాపారాన్ని విడిచారో ఆ ధనమంతా దాదాపుగా నష్టమైంది. అప్పటికి ఆయన వయసు 65 ఏళ్లు. మళ్లీ వ్యాపారం ఆరంభించే వయసు కాదు. పరిశోధన తప్ప మరొక వ్యాపకమూ లేదు. ఆయన పరిశోధన విలువ తెలిసిన మిత్రులు ప్రయత్నించగా, ప్రభుత్వం ఆయనకు పింఛను మంజూరు చేసింది. ఆ స్వల్ప ఆదాయంతో ఆల్డర్ తన పనిని యథాప్రకారం కొనసాగించారు. ఆ విపత్తు ఆయన కలాన్ని గాని, కుంచెను గాని ఆపలేకపోయింది.

ఆయన వార్ధక్యంలో చేసిన పరిశోధనలలో ఒకటి తెలుగు వారికి ప్రత్యేకించి ఆసక్తి కలిగిస్తుంది. ఆ రోజులలో సర్ వాల్టర్ ఇలియట్ అనే అధికారి 1845 నుండి 1854 వరకు ఉత్తర సర్కారులకు కమిషనరుగా ఉన్నారు. 1845లో అమరావతి స్తూపం వద్ద తవ్వకాలు జరిపించినది ఈయనే. మొక్కల తెలుగు పేర్లను సేకరించి 1859లో ‘ఫ్లోరా ఆంధ్రికా’ అనే గ్రంథాన్ని ప్రకటించినదీ ఈయనే. ఇలియట్ విశాఖపట్నంలోని వాల్తేరు సముద్రతీరంలో న్యూడిబ్రాంకులను సేకరింపజేసి, సజీవంగా ఉండగానే వాటి రంగుల బొమ్మలు వేయించారు. నమూనాలు, బొమ్మలు ఇంగ్లండు చేరి ఆల్డర్, హాన్‌కాక్‌ల పరిశీలనకు వచ్చాయి.

ఆల్డర్ వాల్తేరు తీరాన్ని ఎన్నడూ చూడలేదు. ఆయన ముందున్నవి రంగు వెలిసిన దేహాలు. వాటి పక్కన ఉన్న బొమ్మలే లేకపోతే ఆ ప్రాణుల అసలు రూపం ఆయన ఊహకు సైతం అందేది కాదు. తాము కల్లర్‌కోట్స్‌లో పాటించిన పద్ధతినే మరొకరు వేల మైళ్ల దూరంలో పాటించినందువల్ల ఆ పరిశోధన సాధ్యమైంది. 1864లో, ఆల్డర్ 72వ ఏట, ఆ వ్యాసం లండన్ జంతుశాస్త్ర సంఘం పత్రికలో వెలువడింది. అందులో వారు వర్ణించిన ఒక కొత్త ప్రజాతికి ‘కళింగ’ అని పేరు పెట్టారు. ఈ తీర ప్రాంతపు ప్రాచీన నామం ఆ విధంగా జంతుశాస్త్రంలో స్థిరపడింది. మరొక జాతి ఇలియట్ పేరును ధరించింది. ఆ పేర్లు నేటికీ వాడుకలో ఉన్నాయి.

ఆల్డర్ 1867 జనవరి 21న మరణించారు. హాన్‌కాక్ 1873లో కన్నుమూశారు. వీరిద్దరూ ఆరంభించిన మరొక గ్రంథం అప్పటికి అసంపూర్ణంగా ఉంది. అది రాళ్లను అంటిపెట్టుకొని జీవించే ట్యూనికేట్లు అనే సముద్ర జీవులకు సంబంధించినది. వారి రాతప్రతులను, చిత్రాలను జాన్ హాప్కిన్‌సన్ పరిష్కరించగా, రే సొసైటీ 1905 నుండి 1912 వరకు మూడు సంపుటాలుగా ప్రచురించింది. న్యూడిబ్రాంకుల గ్రంథానికి 1910లో అనుబంధ భాగాన్ని సమకూర్చినవారు సర్ చార్లెస్ ఇలియట్. దౌత్యవేత్తగా, హిందూ బౌద్ధ మతాల చరిత్రకారుడిగా ఈయన ప్రసిద్ధులు. న్యూకాజిల్ ప్రదర్శనశాలలోని ఆల్డర్, హాన్‌కాక్‌ల సేకరణలను సైతం పునఃపరిశీలించి, దక్షిణ భారత, సింహళ తీరాల న్యూడిబ్రాంకులపై 1906లో వ్యాసం రాశారు. ముందువారు చిత్రాలను, నమూనాలను భద్రపరచినందువల్లనే వెనుకవారు వాటిని సరిచూడగలిగారు.

గుల్ల లేని నత్తను చూసి లోకానికి ఏమి ప్రయోజనమని ఆ రోజుల్లో కొందరికి తోచి ఉండవచ్చు. జ్ఞాపకశక్తి రహస్యాన్ని ఛేదించే కృషిలో శాస్త్రజ్ఞుడు ఎరిక్ కాండెల్ ఎన్నుకున్నది ‘సముద్రపు కుందేలు’ అని పిలిచే గుల్ల తగ్గిన సముద్రపు నత్తనే. ఆ పరిశోధనకు 2000 సంవత్సరంలో ఆయన నోబెల్ బహుమతిలో భాగం పొందారు. ఏ ప్రాణి అధ్యయనం ఏనాడు ఎట్లా ఉపకరిస్తుందో ముందుగా చెప్పలేము. ప్రాణిని ఉన్నది ఉన్నట్లుగా చూసి, చూసినది చూసినట్లుగా రాసిపెట్టడం మాత్రమే శాస్త్రజ్ఞుడి చేతిలో ఉన్న పని.

ఆల్డర్ కూడబెట్టిన ధనం బ్యాంకుతో పాటు పోయింది. ఆయన గీసిన రేఖలు, రాసిన వర్ణనలు మాత్రం నిలిచాయి. ఉప్పునీటి బురద నేలల్లో జీవించే ఒక చిన్న సముద్రపు నత్తల ప్రజాతికి ఆయన సమకాలికుడు ఆల్‌మన్ ‘ఆల్డరియా’ అని నామకరణం చేశారు. ఆటుపోటుల నడుమ బతికే ఆ ప్రాణి ఆయన పేరును నేటికీ మోస్తూనే ఉంది.

పదాలు – అర్థాలు

వర్ణనాతీతం = వర్ణించడానికి వీలు కానిది
విచ్ఛేదనం = కోసి లోపలి భాగాలను పరిశీలించడం
ప్రజాతి = దగ్గరి పోలికలు గల జాతుల సముదాయం
వార్ధక్యం = ముసలితనం
నిదర్శనం = ఉదాహరణ
లగ్నమగు = నిలుచు, తగులుకొను
పరిష్కరించు = రాతప్రతిని సరిచూసి సిద్ధం చేయు

అభ్యాసం

అ) ఈ కింది ప్రశ్నలకు ఇరవై వాక్యాలలో సమాధానం రాయండి.
1. ఆల్డర్, హాన్‌కాక్‌ల పరిశోధనా విధానాన్ని వివరించండి.
2. ఆల్డర్ జీవితం నుండి విద్యార్థులు నేర్చుకోవలసిన విషయాలేవి?

ఆ) ఐదు వాక్యాలలో సమాధానం రాయండి.
1. న్యూడిబ్రాంకులను సజీవంగానే పరిశీలించవలసిన అవసరమేమి?
2. కాత్రఫాజ్ సిద్ధాంతం ఏమిటి? అది ఎందుకు నిలువలేదు?
3. వాల్తేరు తీరానికి, ఆల్డర్ పరిశోధనకు గల సంబంధాన్ని తెలపండి.

ఇ) ఏకవాక్యంలో సమాధానం రాయండి.
1. ఆల్డర్ ఏ సంవత్సరంలో వ్యాపారాన్ని విడిచిపెట్టారు?
2. ‘ఫ్లోరా ఆంధ్రికా’ గ్రంథకర్త ఎవరు?
3. ‘ఆల్డరియా’ అని నామకరణం చేసినవారెవరు?