దసరా తర్వాత కూరతోట

దసరా వెళ్ళిపోయింది. వానలు ఆగిపోయాయి. మర్కూక్‌లో ఒక ఇంటి కోడలికి అప్పుడు తోట మీద మనసు పుట్టింది.

ఇంటి వెనుక నాలుగు మంచాలు పట్టేంత జాగా ఉంది. అందులో అన్నీ రాళ్లు, పిచ్చిచెట్లు. ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ కూరగాయలు పెట్టలేదు. అంగడి నాడు కొనడమే. తెచ్చిన ఆకుకూర మూడో రోజుకు వాడిపోతుంది. ఆ తర్వాత పచ్చిపులుసే. ఆమె కూతురికి రక్తం తక్కువ ఉందని దవాఖానలో చెప్పారు. మాత్రలు ఇచ్చారు. ఆకుకూర బాగా పెట్టమన్నారు.

అత్త నవ్వింది. "తోట మిరుగంల పెట్టాలె బిడ్డా. హస్త పాయె, చిత్త పాయె. గిప్పుడు పెడితే ఏమొస్తది?"

అత్త మాటలో సగం నిజం ఉంది. బీర, సొర, కాకర, బెండ వెచ్చదనం కోరే పంటలు. జూన్‌లో పెడితే వానకు సర్రున పాకుతాయి. అక్టోబరు చివర పెడితే మొలవడమే ఆలస్యం. మొలిచాక చలి పడుతుంది, తీగ ముడుచుకుంటుంది. గోంగూర అయితే పగలు చిన్నదవగానే పొట్టిగా ఉండి పూతకు వస్తుంది. ఆకు తక్కువ.

కాని చలిని ఇష్టపడే కూరలు కూడా ఉన్నాయి. మెంతికూర, పాలకూర, కొత్తిమీర, ముల్లంగి, ఉల్లాకు. వీటికి కాలం అప్పుడే మొదలవుతుంది. మెంతికూర 25 నుంచి 30 రోజులకు కోతకు వస్తుంది. పాలకూర నెలకు, కొత్తిమీర 40 రోజులకు, ముల్లంగి 45 రోజులకు అటూ ఇటూగా. టమాట, వంకాయ కావాలంటే గింజ వేయరాదు, నారు కొని నాటాలి. నారు పెరిగే నెల రోజులు కలిసి వస్తాయి.

"ఆకుకూర పెడత అత్తమ్మా. గదానికి కాలం ఉన్నదట" అంది కోడలు.

మెంతులు, ధనియాలు వంటింటి డబ్బాలోనే ఉన్నాయి. పాలకూర గింజలకు దుకాణానికి పోయింది. దుకాణదారు పాకెట్ ఇచ్చాడు. ఆమె పోయిన ఏడే చదువు నేర్చింది. పాకెట్ మీద ఇంగ్లీషు ఎక్కువ. అయినా అంకెలు అంకెలే. ఎప్పటి వరకు మొలుస్తుందో ఆ తేదీ చూసింది. అది దాటి ఆరు నెలలైంది! "ఇది పాతది, వేరేది ఇయ్యన్నా" అంది. దుకాణదారు మార్చి ఇచ్చాడు. జూన్‌లో గింజ మొలవకపోతే మళ్లీ చల్లుకోవచ్చు. ఆలస్యంగా మొదలుపెట్టిన వాళ్లకు ఆ పది రోజులు దొరకవు. గింజలకు రంగు పూసి ఉంటే అది మందు. పిల్లలకు, కోళ్లకు అందకుండా పెట్టాలి.

రాళ్లు ఏరి, మూడడుగుల వెడల్పు మడులు చేసింది. అంతకన్నా వెడల్పు అయితే నడిమికి చెయ్యి అందదు. మాగిన పశువుల ఎరువు కలిపింది. పచ్చి పేడ వేస్తే చెదలు పడతాయి. ధనియాలను నలిపి రెండు బద్దలు చేసింది. పాలకూర గింజలు రాత్రంతా నానబెట్టింది.

నీళ్ల సంగతి. మర్కూక్ 2016లో మండలమైంది. 2020 మే 29న ఇక్కడి పంపుల నుంచి గోదావరి నీళ్లు కొండపోచమ్మ సాగర్‌లో పడ్డాయి. ఆ నీళ్లు ఈ పెరట్లోకి నడిచి రావు కదా! బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లే చాలు. డబ్బా మూతకు చిల్లులు పెట్టి చల్లితే గింజ కొట్టుకుపోదు.

గోడ క్యాలెండర్‌లో అక్టోబరు 25 దగ్గర 'మెంతి' అని రాసింది. 28 రోజులు లెక్కపెట్టి నవంబరు 22 దగ్గర 'కోత' అని రాసింది.

నాలుగో రోజు కోళ్లు వచ్చాయి. మెంతి మడి మొత్తం గీకిపోశాయి. ఆమెకు ఏడుపొచ్చింది. అత్త ఏమీ అనలేదు. తుమ్మకంప నరుక్కొచ్చి చుట్టూ నాటింది. కంప పక్కనే రెండు చిక్కుడు గింజలు కూడా గుచ్చింది. 30న మెంతులు మళ్లీ చల్లారు. క్యాలెండర్‌లో 22 కొట్టేసి 27 అని దిద్దింది.

27న మెంతికూర పప్పు అయింది. కూతురికి పెట్టేటప్పుడు అందులో నిమ్మకాయ పిండింది. పులుపు ఉంటే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే చాయ్ తాగితే అంతగా పట్టదు. పాలకూరను మొదలు దాకా తీయలేదు, రెండు వేళ్ల ఎత్తు వదిలి కోసింది. మళ్లీ చిగురు వేసింది. మెంతులు పది రోజులకొక చారెడు చల్లుతూ పోయింది. ముల్లంగి మాత్రం సరిగా ఊరలేదు. కింద ఇంకా రాళ్లున్నాయి.

చిక్కుడు తీగ పొట్టిగానే ఉంది. అయినా పగళ్లు చిన్నవి కాబట్టి సంక్రాంతికి పూత పట్టింది.

పండుగ పోయినంక చలి తగ్గింది. అత్త కొంగుముడి విప్పి బీర గింజలు తీసింది. అవి ఎవరింట్లోవో, ఏ ఏటివో. "వీటి మీద తారీఖు లేదు. చూసుడెట్ల?" అంది.

కోడలు పది గింజలు తడిగుడ్డలో చుట్టి వెచ్చని చోట పెట్టింది. రోజూ గుడ్డ తడిపింది. వారానికి విప్పి లెక్కపెట్టారు. ఎనిమిది మొలిచాయి.