అడ్మిరల్ కొడుకు వద్దన్న విడుదల

మనవడా,

ఎజిమల నేవల్ అకాడమీలో నీకు సీటు వచ్చిందని అమ్మ ఫోన్‌లో చెప్పింది. నేవీలో ఈ తాతయ్య, నాన్న, ఇప్పుడు నువ్వు. విశాఖ ఇల్లంతా పొంగిపోతోంది. ఆ పొంగు చల్లారేలోపు అమెరికాలో మెక్‌కెయిన్ల ఇంటి సంగతి కాస్త చదువు.

తాత, తండ్రి, కొడుకు ముగ్గురి పేరూ జాన్ సిడ్నీ మెక్‌కెయినే. ముగ్గురూ అనాపొలిస్ నేవల్ అకాడమీలోనే చదివారు. చదువు సంగతి మాత్రం అడక్కు. 1931లో తండ్రి 441 మందిలో 423వ వాడు. 1958లో కొడుకు 899 మందిలో 894. కనుక మొదటి టర్ములో మార్కులు తగ్గాయని అమ్మకు ఫోన్ చేసి ఏడవకు.

తాత రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్‌లో విమాన వాహక నౌకల దళాన్ని నడిపాడు. 1945 జూన్‌లో ఆ నౌకలు తుపానులో చిక్కితే విచారణలో పై అధికారి అడ్మిరల్ హాల్సీతో పాటు ఆయన్నీ తప్పుపట్టారు. సెప్టెంబరు 2న టోక్యో అఖాతంలో జపాన్ లొంగుబాటు చూశాడు. సబ్‌మెరైన్ అధికారి అయిన తన కొడుకునూ అక్కడే కలిశాడు. ఆ లొంగుబాటు జరిగిన నాలుగు రోజులకే, ఇంటికి చేరాక గుండెపోటుతో పోయాడు. తర్వాత ఈ తండ్రీకొడుకులిద్దరికీ, తాతకైతే మరణానంతరం, నాలుగు నక్షత్రాల అడ్మిరల్ హోదా దక్కింది. అమెరికా నేవీలో అలాంటి జంట వాళ్లదే మొదటిది.

అసలు కథ మూడోవాడిది. వియత్నాం యుద్ధంలో, 1967 అక్టోబరు 26న హనోయ్ మీద క్షిపణి తగిలి అతని విమానం కూలింది. బయటపడేటప్పుడు రెండు చేతులూ, ఓ కాలూ విరిగాయి. పడింది చెరువులో, అక్కడే ఖైదీగా చిక్కాడు. మరుసటి ఏడు తండ్రి పసిఫిక్ బలగాలన్నిటికీ అధిపతి అవుతున్న వేళ, జైలువాళ్లు వచ్చి నిన్ను వదిలేస్తాం పొమ్మన్నారు. పెద్దింటి బిడ్డ ముందే వెళ్లిపోతే మిగతా ఖైదీల మనసు విరుగుతుందని వాళ్ల లెక్క. ముందు పట్టుబడ్డవాడే ముందు వెళ్లాలన్నది ఖైదీల కట్టుబాటు. అతను వెళ్లనన్నాడు.

దానికి చితకబాదారు. తట్టుకోలేక వాళ్లు రాసిన ఒప్పుకోలు మీద సంతకమూ పెట్టాడు. ఆ సంతకం తలుచుకుని ఎన్నో ఏళ్లు సిగ్గుపడ్డాడు. 1973 మార్చి దాకా జైలే. తర్వాత సెనేటరయ్యాడు, అధ్యక్ష పదవికీ పోటీ చేశాడు. చేతులు మాత్రం భుజాల పైకి లేచేవి కావు, తల తాను దువ్వుకోలేకపోయేవాడు.

తండ్రి తక్కువవాడా? కొడుకు హనోయ్‌లోనే ఉన్నాడని తెలిసీ 1972లో ఆ నగరం మీద బాంబు దాడులకు అధిపతిగా నిలబడ్డాడు. క్రిస్మస్ రోజుల్లో మాత్రం దక్షిణ, ఉత్తర వియత్నాంల సరిహద్దు దాకా వెళ్లి ఒంటరిగా ఉత్తరం వైపు చూస్తూ నిలబడేవాడట.

తాత, తండ్రి పేరుతో ఓ డిస్ట్రాయర్ ఉంది. 2018లో మూడోవాడి పేరూ దానికి కలిపారు. కానీ ఇంటిపేరు అతనికి తెచ్చిపెట్టిన పెద్ద సౌకర్యం ఆ విడుదలే, దాన్నే వద్దన్నాడు. ఈ తాతయ్యకు ఓడ కన్నా అదే గొప్పగా తోచింది.

ఎజిమలలో నాన్న ర్యాంకు నీ అంతట నువ్వు ఎవరికీ చెప్పకు. నీ ట్రైనింగ్ పూర్తయ్యేదాకా అక్కడి అధికారులెవరికీ ఫోన్ చేయొద్దని తాతయ్య నాన్నకూ గట్టిగా చెప్పాడు.