ఆషాఢంలో సముద్రానికి

మా ఊరి ముగ్గురాయి చూసినంత సముద్రం మా ఊరి మనుషులు చూడలేదు. మంగంపేట గనిలో తీసిన రాయి లారీలెక్కి, రైళ్ళెక్కి రేవులకు పోతుంది. అక్కణ్ణించి ఓడల్లో దేశదేశాలు తిరుగుతుంది. నీళ్ళకంటే నాలుగు రెట్లకు పైబడి బరువుండే రాయి కాబట్టి, చమురు బావులు తవ్వేచోట లోపలి నుంచి తన్నుకొచ్చే గ్యాసునూ నూనెనూ అదిమిపెట్టే బురదలో దీని పొడి కలుపుతారు. రాయి అంత దూరం పోతోంది. మిల్లుల దుమ్ములో బతికి, డెబ్బయ్యేళ్ళు వచ్చినా ఒక్కసారైనా అలల్లో కాలు తడపని ఆడవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. తీరం చూస్తే మనకు మూడు నాలుగు గంటల దారి. మా ఇంటి నుంచి ఎన్నోసార్లు బండి కట్టించి, పిల్లలకూ కోడళ్ళకూ చెబుతూ వచ్చిన మాటలు ఇక్కడ రాసిపెడుతున్నాను.

1. సెలవులు చూసుకోవద్దు, పంచాంగం చూసుకోండి

మైపాడు తీరానికి జనం విరగబడే రోజులు ఏటా అవే. కనుమనాడు నెల్లూరోళ్ళతో ఇసుక కనబడదు. కార్తీక పౌర్ణమికి సముద్రస్నానాలు. ఎండాకాలం సెలవుల్లో ప్రతి ఆదివారమూ తిరనాళ్ళే. ఇవి పోగా మిగిలిన కాలంలో మన సీమవాళ్ళకు అన్నివిధాలా కుదిరేది ఆషాఢం. జూన్ నెలాఖరుకో జూలైలోనో వస్తుంది, అధికమాసం పడిన ఏడు ఆగస్టులోకి జరుగుతుంది. పెళ్ళి ముహూర్తాలుండవు గనక బాడుగ బళ్ళు ఖాళీగా ఉంటాయి. లాడ్జీవాళ్ళు గది రేటు దగ్గర పట్టుబట్టరు. కోడూరు చుట్టుపక్కల మామిడి కోతలు ముగిసి చేతిలో నాలుగు రూపాయలుంటాయి, తోటలో పనీ తగ్గి ఉంటుంది. కొత్తగా పెళ్ళయిన కూతురు పుట్టింటికి వచ్చి ఉంటుంది. ఆ పిల్లతో కలిసి ఇంటిల్లిపాదీ ఒక్క బండిలో పోయే వీలు మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. నా మటుకు నాకు ఆ ఒక్క కారణం చాలు.

సముద్రం లెక్క కూడా ఒకటుంది. తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల చేపలవేట నిషేధం. గుడ్లు పెట్టే కాలమని ఆ రెండు నెలలు ఆపుతారు. ఎండాకాలం సెలవుల్లో పోయినవాళ్ళకు రేవుల్లో కట్టేసిన బోట్లే కనబడేది అందుకే. ఆషాఢానికి అన్నీ నీళ్ళలో ఉంటాయి, పొద్దున్నే వలల నుంచి చేపలు దులపడం పిల్లలు కళ్ళారా చూస్తారు. శ్రావణం వచ్చిందంటే మన ఇళ్ళలో వ్రతాలు, నీచు బంద్.

ఒక్కటి కనుక్కుని బయల్దేరండి. మొహర్రంకు నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ జరుగుతుంది. ఏటేటా పది పదకొండు రోజులు ముందుకు జరిగే పండగ కాబట్టి కొన్నేళ్ళు ఆషాఢంలోనే పడుతుంది. ఎక్కడెక్కడి నుంచో లక్షల్లో వస్తారు, ఆ వారం నెల్లూరులో గది దొరకదు. రొట్టె పట్టుకోవాలనుకుంటే దానికోసమే పొండి, సముద్రంతో కలపొద్దు.

2. కొండ దారిన పొండి

కోడూరు, రేణిగుంట, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా చుట్టి నెల్లూరు చేరే పెద్దరోడ్డు ఒకటుంది. డ్రైవర్లకు అదే ఇష్టం. నేను మాత్రం చిట్వేలి మీదుగా వెలిగొండలెక్కి రాపూరులో దిగే ఘాట్ దారే పట్టమంటాను. దూరం కలిసొస్తుంది. పైగా ఎర్రనేల, రాళ్ళగుట్టల నుంచి అడవిలోకి ఎక్కి, అవతల నెల్లూరు వరిమళ్ళలోకి దిగడం పిల్లలు కిటికీలోంచి చూస్తారు. సముద్రం దగ్గర పడేకొద్దీ నేల ఎట్లా మారుతుందో పెద్దరోడ్డు మీద తెలియదు.

అయితే పగటిపూటే దాటాలి. మలుపులు, లారీలు, మధ్యలో బండి ఆగితే సాయానికి మనుషులుండరు. పెట్రోలు ఇవతలే పోయించుకోండి. వాంతులయ్యే పిల్లల్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, కడుపు నిండా తిండి పెట్టకుండా రెండు ఇడ్లీలతో సరిపెట్టండి.

దిగాక రాపూరు దగ్గర పెంచలకోన ఉంది. నరసింహస్వామి గుడి, కొండ కింద చెట్ల నీడ. ముసలివాళ్ళు కాళ్ళు చాపుకోవడానికి అంతకంటే మంచి మజిలీ లేదు. టైముంటే కండలేరు కట్ట మీదికి పొండి. 68 టీఎంసీల నీళ్ళు పట్టే చెరువది, తెలుగుగంగ కింద చెన్నై గొంతు తడిపే నీళ్ళు అక్కణ్ణించే పోతాయి. మీరు దాటొచ్చిన కొండల కిందుగానే ఓబులవారిపల్లె నుంచి వెంకటాచలం దాకా 112 కిలోమీటర్ల రైలుదారి పోతుంది. 2019 సెప్టెంబరు 1న వెంకయ్యనాయుడు ఉపరాష్ట్రపతిగా ఉన్నప్పుడు ప్రారంభించారు. అందులో ఒక సొరంగం ఆరున్నర కిలోమీటర్ల పైమాట. మన రాయి కృష్ణపట్నం రేవుకు పోవడానికి దగ్గర దారి అదే. పిల్లలకు ఈ సంగతి రాపూరులో చెప్పండి, సముద్రం చూసేటప్పుడు వాళ్ళంతట వాళ్ళే ఓడ ఏదని అడుగుతారు.

3. ఒక తీరం, ఒక రాత్రి

రెండు రోజుల్లో మైపాడు, కొత్తకోడూరు, రామతీర్థం, తూపిలిపాళెం అన్నీ చుట్టాలని కాగితం మీద రాసుకునేవాళ్ళున్నారు. రోజంతా కార్లోనే గడుస్తుంది. ఒక్క తీరం ఎంచుకోండి. వసతి, అంగళ్ళు, టూరిజం వాళ్ళ గదులు కావాలంటే మైపాడు, నెల్లూరుకు పాతిక కిలోమీటర్ల లోపే. జనం వద్దనుకుంటే కొత్తకోడూరు. అంతే.

కాని రాత్రి ఆ చుట్టుపక్కలే పడుకోవాలి. మన తీరంలో సూర్యుడు నీళ్ళలోంచి పుడతాడు, జూలైలో ఆరు కొట్టేలోపే. ఎనిమిది దాటితే ఇసుక కాలుతుంది, పడమటి గాలి వేడిగా కొడుతుంది. మళ్ళీ సాయంత్రం నాలుగు దాటాక, సూర్యుడు మన వెనక్కి పోతాడు గనక, సరుగుడు తోపుల నీడ ఇసుక మీదికి పాకుతుంది, సముద్రపు గాలి మొదలవుతుంది. ఆ రెండు పూటలే తీరానివి. మధ్యలో గదిలో నిద్రపోండి, లేకపోతే నెల్లూరులో మూలాపేట, రంగనాయకుల గుళ్ళు చూడండి. ఆషాఢ పౌర్ణమి కలిసొస్తే ఇంకా మంచిది. పొద్దు వాలేవేళకు చంద్రుడు కూడా నీళ్ళలోంచే వస్తాడు.

4. బావిలో ఈత వేరు, అలల్లో ఈత వేరు

ఇది మాత్రం రెండుసార్లు చదవండి. మన పిల్లలు ఈత నేర్చింది బావుల్లో, నిలవనీళ్ళలో. వాళ్ళకున్న ధైర్యమే వాళ్ళకు శత్రువు. తీరంలో నిలబడి పావుగంట నీళ్ళను చూడండి. అలలు వరసగా తెల్లగా విరుగుతుంటాయి. మధ్యలో ఒకచోట మాత్రం విరగవు. అక్కడ నీళ్ళు నున్నగా, కాస్త ముదురు రంగులో, నురగనూ చెత్తనూ లోపలికి మోసుకుపోతుంటాయి. అల లేదు కదా, పిల్లలకు బాగుంటుందని అమ్మలు అక్కడే దింపుతారు. లోపలికి లాగే చోటు అదే. ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ తిరిగి పోయేది ఆ సందులోంచే.

ఎవరైనా అందులో చిక్కితే ఒడ్డుకేసి ఈదకూడదు, అలిసిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకు ఈదితే ఆ పాయ వదిలిపెడుతుంది. ఈత రాకపోతే తేలుతూ చెయ్యెత్తి అరవాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు ఆదరాబాదరాగా దూకకుండా తాడో, ఖాళీ ప్లాస్టిక్ క్యానో విసరాలి. బండిలో మూత బిగించిన అయిదు లీటర్ల ఖాళీ క్యాను, పొడుగాటి తాడు ఎప్పుడూ ఉండాలి. మోకాళ్ళ లోతు దాటనివ్వొద్దు. అమావాస్య, పౌర్ణమిలకు పోటు ఎక్కువ, ఇంకో అడుగు వెనక్కి ఉండండి. ఒడ్డున వల బాగుచేసుకునే అన్నను అడగండి, ఈరోజు ఎక్కడ దిగొచ్చో, ఎక్కడ దిగకూడదో వేలుపెట్టి చూపిస్తాడు. ఆయన వద్దంటే వద్దంతే.

5. ఆకాశం మాట వినండి

ఆషాఢంలో మన వైపూ నెల్లూరు వైపూ పెద్ద వానలుండవు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కథ వేరు. 2021 నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి, 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట ఎట్లా కొట్టుకుపోయాయో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ చెయ్యేటి నీళ్ళు కలిసిన పెన్నే నెల్లూరు దగ్గర పొంగి, పడుగుపాడు వద్ద జాతీయ రహదారినీ రైలు పట్టాలనూ కోసేసింది. ఆ నెలల్లో పోవాల్సొస్తే బయల్దేరే రోజు పొద్దున వాతావరణశాఖ మాట విని పొండి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఎత్తయిన అలల హెచ్చరికలు ఇస్తుంది, ఏ కాలంలోనైనా అది చూసుకోవాలి. కృష్ణపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేశారని వార్తొస్తే, గదికి కట్టిన డబ్బు పోయినా సరే, ఇంట్లోనే ఉండండి.

6. ముసలివాళ్ళ కొలతే బండికి కొలత

రెండు గంటలకొకసారి ఆపాలి. మరుగుదొడ్డి ఎక్కడ శుభ్రంగా ఉంటుందో ముందే కనుక్కుని పెట్టుకోండి. ఆడవాళ్ళు దానికి జడిసి నీళ్ళు తాగడం మానేస్తారు, సాయంత్రానికి తలనొప్పి, కళ్ళు తిరగడం. తీరంలో కూర్చోవడానికి మడిచే కుర్చీ ఒకటి తీసుకోండి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఇసుకలో కూర్చుంటే లేవలేరు. బీపీ, షుగరు మాత్రలు చేతిసంచిలో ఉండాలి, డిక్కీలో కాదు.

సద్ది ఇంటినుంచే. మొదటి పూటకు చింతపండు పులిహోర, రెండో పూటకు జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి. పెరుగన్నం ఎండకు పులుస్తుంది, మొదటి మజిలీలోనే తినేయండి. కోడూరు అరటిపండ్లు ఒక గెల వేసుకుంటే పిల్లలు అంగళ్ళకేసి చూడరు.

బండిలో ఒక సీటు మిగిలితే వీధిలో సముద్రం చూడని అవ్వ ఎవరున్నారో అడగండి. మొహమాటానికి రానంటుంది. రెండోసారి అడగండి.

7. బాడుగ

కిలోమీటరుకెంత, డ్రైవరు బత్తా ఎంత, టోలు ఎవరిది, రాత్రి ఆయన పడక ఎక్కడ. ఈ నాలుగూ బండెక్కకముందే తేల్చుకోండి. ఆయనకూ మనతోపాటే భోజనం పెట్టించండి. ఘాట్‌లో మన ప్రాణాలు ఆయన చేతిలో ఉంటాయి.

8. కొంగలు ఆషాఢంలో రావు

పులికాట్‌లో రాజహంసలు, నేలపట్టులో గూడబాతులు చలికాలపు చుట్టాలు. అక్టోబరు తర్వాత వచ్చి మార్చికల్లా పోతాయి. పిల్లలకు ఆశపెట్టి సూళ్ళూరుపేట దాకా తీసుకుపోతే ఎండిన బురద చూసి ఏడుస్తారు. అది జనవరి ప్రయాణం. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజు తెలిస్తే, 2019 నుంచి జనం కూర్చుని చూడ్డానికి గ్యాలరీ ఉంది, ముందుగా ఆన్‌లైన్‌లో పేర్లు నమోదు చేసుకోవాలి.

9. చేపలు ఆఖరున

పొద్దున్నే కొని రోజంతా బండిలో తిప్పొద్దు. తిరుగుముఖం పట్టే పూటే కొనండి. చెవులు ఎత్తి చూస్తే లోపల ఎర్రగా ఉండాలి, కన్ను ఉబ్బి తేటగా ఉండాలి, వేలుతో నొక్కితే గుంట నిలవకూడదు. అక్కడే శుభ్రం చేయించి, థర్మాకోల్ పెట్టెలో కింద ఐసు, నడుమ చేప, పైన ఐసు వేయించి మూత టేపుతో బిగించండి. పదకొండుకల్లా బయల్దేరితే పొద్దుండగానే ఘాట్ దాటి చిట్వేలిలో దిగుతారు. ఇంటికి రాగానే స్నానాలకు పోకముందే పులుసు పొయ్యి మీద పెట్టించండి. నెల్లూరోళ్ళలా మామిడికాయ ముక్కలు వేసి, కూడూ కూరా అదే రాత్రి తినేయకుండా సగం మర్నాటికి ఉంచండి. ఆ పులుసుకు రుచి రెండోరోజే, రాగిసంగటిలోకి.