యూరియా తగ్గించే చదువు

45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 20.7 కిలోలు. చాలా పొలాల్లో అందులో సగం కూడా పైరుకు అందదు. కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది, కొంత నైట్రేట్‌గా నీళ్లలోకి దిగిపోతుంది. ఈ నష్టాన్ని కొలిచి, దిగుబడి పడిపోకుండా ఎరువు తగ్గించగల మనిషి రైతుకూ కావాలి, కంపెనీకీ కావాలి, ప్రభుత్వానికీ కావాలి. తిరువూరులో బైపీసీ చదివే పిల్లలు మెడికల్ సీటు రాకపోతే అంతా అయిపోయిందనుకునే ముందు ఈ దారి చూడాలి.

ఎరువు తగ్గిస్తే కలిగే లాభానికి రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో పండే బార్లీ మంచి ఉదాహరణ. నత్రజని ఎక్కువైతే గింజలో ప్రొటీన్ పెరుగుతుంది, మాల్ట్ నాణ్యత పడిపోతుంది. అంటే అక్కడ బస్తా తగ్గించడం రైతుకు ధర విషయం కూడా. తిరువూరు చుట్టుపక్కల బార్లీ లేదు. మొక్కజొన్న, పత్తి, మిర్చి ఉన్నాయి. నత్రజని వృథా లెక్క మాత్రం అదే.

ఎరువు తగ్గించే పని పెద్ద ఎత్తున జరుగుతున్నది మన ఆంధ్రప్రదేశ్‌లోనే. రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయాన్ని ఊరూరా తీసుకెళ్తోంది. ఘనజీవామృతం, బీజామృతం, తొలకరికి ముందే నవధాన్యాలు చల్లడం రైతుల నోట మామూలు మాటలయ్యాయి. 2024లో ఈ కార్యక్రమానికి గుల్బెంకియన్ పురస్కారం దక్కింది. దిగుబడుల మీద శాస్త్రవేత్తల మధ్య వాదన ఇంకా నడుస్తోంది. దాన్ని పొలంలో తీసే కొలతలే తేల్చాలి, ఆ కొలతలు తీసేవాళ్లు చాలినంత మంది లేరు.

ఎరువు తగ్గించడానికి మరో దారి బాక్టీరియా. బ్రెజిల్‌లో జొహానా డోబెరైనర్ అనే శాస్త్రవేత్త, గాలిలోని నత్రజనిని పైరుకు అందించే వేరుబుడిపెల బాక్టీరియా మీద పట్టుబట్టి పనిచేసింది. అక్కడి సోయాబీన్ నత్రజని ఎరువు దాదాపు లేకుండానే పండుతోందంటే ఆమె కృషి చాలా ఉంది.

మన మినుము పొలంలోనూ ఆ బాక్టీరియా పనిచేస్తుంది. నెల పైరును మట్టితో సహా జాగ్రత్తగా పెకలించి, వేళ్లు కడిగి, బుడిపెను గోటితో చీల్చి చూడాలి. లోపల గులాబీ రంగుంటే బాక్టీరియా నత్రజని పట్టిస్తున్నట్టు. తెల్లగానో, ఆకుపచ్చగానో ఉంటే పనిచేయనట్టు. ఆ బాక్టీరియా ఉండే రైజోబియం ప్యాకెట్ కొన్న రైతుకు ఈ పరీక్ష గట్టున కూర్చుని చూపించగలిగితే చాలు, నమ్మకం అక్కడే కుదురుతుంది.

ఆ ప్యాకెట్ వెనకా ఉద్యోగాలున్నాయి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి రైజోబియం లాంటి జీవన ఎరువులు 2006లో వచ్చాయి. పొడి రూపంలో ఉన్నదాంట్లో గ్రాముకు కనీసం 5 కోట్లు, ద్రవ రూపంలో మిల్లీలీటరుకు 10 కోట్ల బతికున్న కణాలుండాలి. ల్యాబ్‌లో వాటిని లెక్కపెట్టేది మైక్రోబయాలజీ చదివినవాళ్లే. మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద పడేసిన ప్యాకెట్లో ఎన్ని బతుకుతాయో రైతుకు చెప్పాల్సిందీ వాళ్లే.

ఈ పనుల్లోకి రావడానికి పదో తరగతి తర్వాత రెండేళ్ల వ్యవసాయ పాలిటెక్నిక్ డిప్లొమా ఉంది; అక్కడి నుంచి అగ్రిసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్‌కు వెళ్లొచ్చు. ఇంటర్ బైపీసీ వాళ్లకు ఈఏపీసెట్ ఉంది. ఆపైన సాయిల్ సైన్స్, అగ్రికల్చరల్ మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేయొచ్చు. మామూలు బీఎస్సీ మైక్రోబయాలజీ చదివినవాళ్లకూ జీవన ఎరువుల యూనిట్ల క్వాలిటీ కంట్రోల్‌లో చోటుంది. సొంతంగా నిలబడాలనుకునే వ్యవసాయ పట్టభద్రులకు హైదరాబాద్‌లోని మేనేజ్ సంస్థ నడిపే అగ్రి క్లినిక్స్ పథకం 2002 నుంచి ఉంది: 45 రోజుల శిక్షణ, ఆ తర్వాత బ్యాంకు రుణం, దానిపై సబ్సిడీ. జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు 2024 నవంబరులో కేంద్రం ఆమోదం తెలిపింది. దేశవ్యాప్తంగా 10 వేల జీవ ఉత్పాదకాల కేంద్రాలు పెట్టడం దాని లక్ష్యం.

ఒక్క మాట. సర్టిఫికెట్‌తో పాటు పొలం అనుభవం లేకపోతే ఈ రంగంలో ఎవరూ లెక్కచేయరు. జగ్గయ్యపేట దగ్గరి గరికపాడులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. సెలవుల్లో అక్కడికి వెళ్లి శాస్త్రవేత్తలతో మాట్లాడండి, మీ పొలం మట్టి నమూనా వెంట తీసుకెళ్లండి.