పాత రికార్డు కొనేవారి పరీక్షలు

చెప్పిందే పదేపదే చెప్పేవారిని ‘అరిగిపోయిన గ్రామఫోను రికార్డు’ అంటారు మన పెద్దలు. ఈ మాట మీరూ వినే ఉంటారు. కాని అరిగిపోయిన రికార్డు ఎలా ఉంటుందో కళ్లారా చూసినవారు మీలో ఎందరు? దాన్ని మోగించకుండానే, అది అరిగిందని కనిపెట్టడం సాధ్యమేనా? ఇది కాలక్షేపం ప్రశ్న కాదు. రికార్డులు అమ్మే చిన్న కొట్లు ప్రపంచంలో చాలా నగరాల్లో ఈనాటికీ ఉన్నాయి. అక్కడికి పాత రికార్డు కోసం వచ్చినవారు జేబులో చెయ్యి పెట్టే ముందు ప్రతిసారీ ఎదుర్కొనే ప్రశ్న ఇదే.

రికార్డులకు ఎప్పుడో కాలం చెల్లింది కదా అంటారేమో. 1980ల్లో కాంపాక్టు డిస్కులు వచ్చాక చాలామంది అలాగే అనుకున్నారు. తీరా చూస్తే 2022లో అమెరికాలో వినైల్ రికార్డులు సుమారు 4 కోట్ల 10 లక్షలు అమ్ముడుపోతే, కాంపాక్టు డిస్కులు 3 కోట్ల 30 లక్షలే అమ్ముడుపోయాయి. సంఖ్యలో రికార్డులు ముందుకు రావడం 1987 తర్వాత అదే మొదటిసారి. వీటిని అమ్మేవారిలో పెద్ద కంపెనీలే కాదు, యజమాని స్వయంగా గల్లాపెట్టె దగ్గర కూర్చునే సొంత కొట్లు కూడా ఎన్నో ఉన్నాయి. బ్రిటన్‌లో, వేల్స్ రాజధాని అయిన కార్డిఫ్ నగరంలో, స్పిల్లర్స్ రికార్డ్స్ అనే కొట్టు ఉంది. దాన్ని హెన్రీ స్పిల్లర్ 1894లో తెరిచాడు. లోకంలో ఇప్పటికీ నడుస్తున్న రికార్డుల కొట్లలోకెల్లా పాతది అదేనంటారు. మైనపు స్తూపాల మీద పాటలు అమ్మిన రోజుల నుంచీ అది నడుస్తూనే ఉంది!

బట్టల కొట్లో గుడ్డను వేళ్లతో నలిపి చూస్తాం. పుస్తకాల కొట్లో రెండు పేజీలు చదివి చూస్తాం. రికార్డులో పాట మాత్రం పైకి కనబడదు. అయినా అలవాటున్న కొనుగోలుదారు అట్టలోంచి రికార్డును తీసి, అంచులను అరచేతుల మధ్య పట్టుకుని, దీపం కిందికి తీసుకెళ్లి అటూ ఇటూ వంచి చూస్తాడు. ఏం చూస్తున్నాడు? అది తెలియాలంటే ముందు గాడి సంగతి తెలియాలి.

ఒకే ఒక్క గాడి

రికార్డుకు ఒక వైపున ఎన్ని గాడులుంటాయి? మీ స్నేహితులను అడిగి చూడండి. వందలు అని ఒకరు, వేలు అని ఒకరు చెబుతారు. సరైన జవాబు ఒకటి! బయటి అంచు దగ్గర మొదలై, చుట్టలు చుట్టుకుంటూ లోపలి లేబిలు దాకా వచ్చే ఒకే ఒక్క గాడి అది. 12 అంగుళాల లాంగ్‌ప్లే రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. ఒక వైపు 20 నిమిషాలు మోగుతుందనుకుంటే 667 చుట్లు. ఇవన్నీ దాదాపు ఎనిమిదిన్నర సెంటీమీటర్ల వెడల్పులో ఇమడాలి. అంటే మిల్లీమీటరుకు సుమారు 8 చుట్లన్నమాట. ఆ గాడిని విప్పి తాడులా పరిస్తే నాలుగు వందల మీటర్లు దాటుతుంది.

గాడి అడ్డకోత ఇంగ్లీషు ‘వి’ అక్షరంలా ఉంటుంది. గాయకుడి గొంతులోని కంపనాలే ఆ గాడి గోడల మీద వంకరలుగా మారి ఉంటాయి. గాడిలో నడిచే వజ్రపు ముల్లు ఆ వంకరలను బట్టి కంపిస్తుంది. ఆ కంపనమే విద్యుత్తుగా మారి, స్పీకరులో మళ్లీ పాట అవుతుంది. కనుక గోడ అరిగితే పాట అరిగినట్టే.

ముల్లు బరువు రెండు గ్రాములే కదా, దానికే గోడ అరుగుతుందా అనిపించవచ్చు. లెక్క వేద్దాం. ముల్లు గోడలను తాకే చోటు మొత్తం 100 చదరపు మైక్రానులు అనుకోండి. అది చదరపు సెంటీమీటరులో పది లక్షలవ వంతు. బరువును వైశాల్యంతో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 2000 కిలోగ్రాముల పీడనం వస్తుంది! మొద్దుబారిన ముల్లయితే ఆ పీడనంతో గోడను ఉలిలా చెక్కేస్తుంది. రికార్డుల కొట్లో తెలిసినవారు “మీ ఇంట్లో ముల్లు మార్చి ఎన్నాళ్లయింది?” అని అడిగేది ఇందుకే.

దీపం కింద

ఇప్పుడు దీపం దగ్గరకు వద్దాం. కంటికి దాదాపు సమాంతరంగా వంచి చూస్తే రికార్డు మీద ఇంద్రధనుస్సు రంగులు తళుక్కుమంటాయి. క్రమంగా పేర్చిన గీతల మీద పడిన కాంతి వివర్తనం చెందడం వల్ల ఇవి పుడతాయి. ఇంకా గమనిస్తే ఒక్కో పాట ఉన్న పట్టీ ఒక్కోలా మెరుస్తుంది. గట్టిగా వాయించిన చోట గాడి వంకరలు పెద్దవి కనుక అక్కడ గరుకుగా, లేతగా ఉంటుంది. మెల్లని సంగీతం ఉన్న చోట నున్నగా, నల్లగా ఉంటుంది. పాటను చెవితో వినకముందే దాని హెచ్చుతగ్గులను కంటితో చదవవచ్చునన్నమాట! ఎక్కువసార్లు మోగి అరిగిన రికార్డు మీద ఆ నల్లని నిగనిగ పోయి, బూడిద రంగు కమ్ముతుంది.

తర్వాత గీతలు. వెంట్రుకలాంటి పైపై గీతలు చూపుకు భయపెడతాయి గాని, చాలాసార్లు వాటి శబ్దమే వినబడదు. గోటికి తగిలేంత లోతైన గీతలతోనే చిక్కు. అందులోనూ దిక్కు ముఖ్యం. గాడులకు అడ్డంగా ఉన్న గీత ‘టిక్కు’మనిపించి ఊరుకుంటుంది. గాడి వెంబడే కొంచెం ఏటవాలుగా సాగిన గీత అంతకంటే ప్రమాదకరం. అది ముల్లును పక్క చుట్టులోకి నెడుతుంది. ముందు చుట్టులోకి నెడితే పాటలో ఒక ముక్క ఎగిరిపోతుంది. వెనక చుట్టులోకి నెడితే ముల్లు తిరిగి అక్కడికే వస్తుంది, మళ్లీ వెనక్కి పోతుంది. పాడిందే పాడుతుంది! సామెత అరుగుదల మీద నింద వేసింది గాని, చాలాసార్లు అసలు దోషి ఈ గీతే.

ఇంకో గుర్తు లేబిలు మీద ఉంటుంది. రికార్డును యంత్రం మీద పెట్టేటప్పుడు మధ్య రంధ్రం ఇరుసుకు తిన్నగా దొరక్క, ఇరుసు కొన లేబిలును గీరుతుంది. రంధ్రం చుట్టూ అలాంటి సన్నని చారలు ఎక్కువగా ఉంటే ఆ రికార్డు చాలాసార్లు మోగిందని అర్థం. అట్ట ఎంత కొత్తగా మెరుస్తున్నా ఈ చారలు అబద్ధమాడవు. లేబిలు చుట్టూ పాట లేని ఖాళీ పట్టీలో కొన్ని అంకెలు చెక్కి ఉంటాయి. అవి రికార్డును ఏ మూల అచ్చు నుంచి వత్తారో చెబుతాయి. కొందరు పనివారు అక్కడ తమ ముద్ర కూడా వేసేవారు. ఇంగ్లండులో జార్జ్ పెక్‌హామ్ అనే ఆయన తాను కోసిన అచ్చుల మీద ‘పోర్కీ ప్రైమ్ కట్’ అని చెక్కేవాడు. ఆ మాట కనబడితే కొనేవారి ముఖం వెలిగిపోతుంది.

కొట్టువారు అట్ట మీద రాసే గ్రేడు విషయంలో మాత్రం జాగ్రత్త. ‘గుడ్’ అని రాసి ఉంటే మంచి రికార్డనుకుని మురిసిపోకండి. ఈ వ్యాపారంలో ఆ మాటకు ‘బాగా గరగరలాడుతుంది, మోగుతుందంతే’ అని అర్థం!

చివరి పాటే ఎందుకు?

కంటి పరీక్షను అతిగా నమ్మకూడదు. నిగనిగలాడే రికార్డు కూడా లోలోపల అరిగి ఉండవచ్చు. అందుకే చాలా కొట్లలో వినడానికి ఒక యంత్రం పెడతారు. అడగకుండా దాని మీద ముల్లు దించడం మర్యాద కాదు. అడిగితే సాధారణంగా కాదనరు. ఒక్క నిమిషమే వినే వీలుంటే ఏ పాట వినాలి? తెలిసినవారు మొదటి పాట వినరు, చివరిది వింటారు.

కారణం లెక్కలో ఉంది. బయటి అంచు దగ్గర ఒక చుట్టు పొడవు సుమారు 91 సెంటీమీటర్లు. లేబిలు దగ్గర 38 సెంటీమీటర్లే. రెండింటికీ పట్టే కాలం ఒకటే, 1.8 సెకన్లు. అంటే ముల్లు కింద గాడి బయట సెకనుకు 50 సెంటీమీటర్ల వేగంతో, లోపల 21 సెంటీమీటర్ల వేగంతో సాగుతుంది. సెకనుకు 10,000 కంపనాలున్న సన్నని ధ్వనిని తీసుకోండి. దాని తరంగదైర్ఘ్యం బయటి గాడిలో 0.05 మిల్లీమీటర్లు, లోపల 0.02 మిల్లీమీటర్లు. అంత ఇరుకు వంకరల్లో ముల్లు సరిగా మలుపు తిరగలేదు, గోడలూ ముందుగా అక్కడే దెబ్బతింటాయి. గాయకుడి ‘స’కారాలు ‘ష్ష్’ అని చీలినట్టు వినబడితే అరుగుదల మొదలైందన్నమాట. ఆ నష్టాన్ని ఎవరూ బాగుచెయ్యలేరు.

అయితే ప్రతి చిటపటా అరుగుదల కాదు. వినైల్‌ను రుద్దితే స్థిర విద్యుత్తు పుట్టి, గాలిలోని దుమ్మును లాక్కుంటుంది. దుమ్ము చప్పుడు ఒక క్రమం లేకుండా వస్తుంది, కడిగితే పోతుంది. గీత చప్పుడు గడియారంలా సరిగ్గా చుట్టుకొకసారి, 1.8 సెకన్లకోసారి వస్తుంది, కడిగినా పోదు. గడియారం చూసుకుంటూ వింటే డబ్బు ఇవ్వాలో వద్దో అక్కడే తేలిపోతుంది.

వినైల్ కంటే ముందు వచ్చిన 78 చుట్ల రికార్డుల సంగతి వేరు. అవి లక్కతో చేసినవి. హైదరాబాదు లాడ్ బజారులో గాజులకు వాడే లక్క లాంటిదే, చెట్ల మీద లక్క పురుగులు స్రవించేది. దాన్ని రాతిపొడితో కలిపి ఈ రికార్డులు చేసేవారు. వినైల్ రికార్డును కడగడానికి కొందరు ఆల్కహాలు కలిపిన నీళ్లు వాడతారు. లక్క ఆల్కహాలులో కరుగుతుంది కనుక 78 రికార్డును దానితో తుడిస్తే పాటే తుడిచిపెట్టుకు పోతుంది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన పాటలు ఇలాంటి రికార్డుల మీదే వెలువడ్డాయి. పాట చివర ఆమె తన పేరు ఇంగ్లీషులో చెప్పడం వినబడుతుంది. జర్మనీలో రికార్డులు వత్తే పనివారికి ఎవరి పాటో తెలియడానికి అలా చెప్పించేవారు. ఆ కాలపు పాటల్లో కొన్నింటికి మూల అచ్చులు ఇప్పుడు లేవు. ఎవరి ఇంట్లోనో మిగిలిన రికార్డే ఏకైక ఆధారం. అలాంటిది పాత సామాను పెట్టెలో దొరికితే, అది గరగరలాడుతున్నా కొనేవారు వదలరు.

మీకు ఎక్కడైనా పాత 78 రికార్డు, దాన్ని మోగించే యంత్రం కనబడితే పెద్దల అనుమతితో వినండి. గీత ‘టిక్కు’ ఎన్ని సెకన్లకోసారి రావాలో ముందు లెక్కకట్టి, తర్వాత గడియారంతో సరిచూడండి.