షుగర్ ఉన్న పిల్లలకు ప్రసాదం పెట్టొచ్చా?

ఈ రోజు పాఠం నా పొరపాటుతోనే మొదలుపెడతాను.

అలంపూర్‌లో జోగులాంబ అమ్మవారి దర్శనం అయ్యాక ప్రసాదం పంచుతున్నాను. వనపర్తి నుంచి వచ్చిన ఓ చిన్న పాపకు షుగర్ అని తెలిసి, "నీకొద్దులే తల్లీ" అని చేయి వెనక్కి తీసుకున్నాను. "అమ్మవారికి నా మీద కోపమా?" అని అడిగింది.

పిల్లల్లో ఎక్కువగా కనిపించేది టైప్-1 షుగర్. స్వీట్లు తిన్నందుకో, పాపం చేసినందుకో రాదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఇన్సులిన్ తయారుచేసే కణాలను దెబ్బతీస్తుంది. 1922లో టొరంటోలో 14 ఏళ్ల లియోనార్డ్ థాంప్సన్‌కు ఇన్సులిన్ ఇచ్చేదాకా ఈ పిల్లలకు సరైన మందే లేదు. ఉపవాసమనో మొక్కు అనో ఇన్సులిన్ ఆపితే ప్రాణానికే ముప్పు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ తల్లిదండ్రులకు నా మనవి:

• "పూర్వజన్మ కర్మ" అని పిల్లల ముందు అనొద్దు. వాళ్లకది శిక్షలా వినిపిస్తుంది.
• సూదికి ఏడిస్తే తిట్టొద్దు. ఈ పూట పొట్టకా, తొడకా అన్నది వాళ్లనే చెప్పనివ్వండి. భయం కొంత తగ్గుతుంది.
• బడిలో టీచరుకు చెప్పి ఉంచండి, దాచొద్దు.
• ప్రసాదం ఎంత పెట్టొచ్చో డాక్టరును ముందే అడిగి, అందరితో పాటే పెట్టండి.

ఆ రోజు వాళ్లమ్మను అడిగి, పాప చేతిలో కొంచెం ప్రసాదం పెట్టాను. "అమ్మవారికి కోపం లేదు తల్లీ, తప్పు నాది" అన్నాను. శుభం.