అమ్మ వాసన

రాజవ్వ బీడీలు చేస్తుంది. వాళ్లది నిజామాబాద్ జిల్లాలో ఒక పల్లె. ఒకరోజు తడిపిన తునికాకు ముందేసుకుని కూర్చుంది. వాసన గుప్పుమంది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

పక్కింటి లచ్చవ్వ చూసింది.

"ఏందక్కా, ఏడుస్తున్నవ్?"

"అమ్మ యాదికొచ్చింది చెల్లె. నాకు ఎనిమిదేండ్లప్పుడే పోయింది. ఫోటో కూడా లేదు. ముఖం మసక మసకగా గుర్తుంది. ఆమె ఒళ్లో పడుకుంటే ఇదే వాసన. తడి ఆకు, తంబాకు, కొబ్బరినూనె. ఈ వాసన వస్తే అమ్మ పక్కన కూసున్నట్టే ఉంటది."

ఇది రాజవ్వ ఒక్కదాని సంగతి కాదు. మనలో చాలామందికి ఇలాంటి వాసన ఒకటి ఉంటుంది. నేతపని వారి బిడ్డకు నాన్న అంటే నూలు, గంజి వాసన. గొర్రెల కాపరి బిడ్డకు గొంగడి వాసన. తాగి వచ్చే నాన్న సారా వాసన గుర్తున్నవాళ్లూ ఉన్నారు. అది ముక్కుకు తగిలితే ఇప్పటికీ వాళ్ల గుండె దడదడలాడుతుంది. వాసన ప్రేమనూ దాచిపెడుతుంది, భయాన్నీ దాచిపెడుతుంది.

ఎందుకిలా జరుగుతుంది?

మన ముక్కు లోపల, పైభాగంలో వాసన పట్టే కణాలు ఉంటాయి. అవి సుమారు 400 రకాలు. అవి ఎలా పనిచేస్తాయో రిచర్డ్ యాక్సెల్, లిండా బక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. అందుకు 2004లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది.

వాసన కబురు నరాల ద్వారా మెదడుకు చేరుతుంది. జ్ఞాపకాలు, సంతోషం, భయం చూసుకునే భాగాలకు అది దగ్గరి దారిన పోతుంది. అందుకే వాసన తగలగానే పాత సంగతి కళ్ల ముందు నిలుస్తుంది. అలా గుర్తుకొచ్చేవి ఎక్కువగా పదేళ్లలోపు సంగతులే.

కడుపులో ఉండగానే బిడ్డకు ఉమ్మనీటి వాసన అలవాటవుతుంది. పుట్టిన కొద్ది రోజులకే తల్లి వాసనను గుర్తుపడుతుంది. తల్లి రొమ్ము వాసనను బట్టి పాలకోసం వెతుక్కుంటుంది. కాబట్టి పుట్టిన వెంటనే బిడ్డను తల్లి రొమ్ము మీద పడుకోబెట్టాలి. గంటలోపే పాలు పట్టించాలి.

రాజవ్వ కళ్లు తుడుచుకుంది. అంతలో ఆమె పసిబిడ్డ పాకుతూ వచ్చి తంబాకు చాటలో చెయ్యి పెట్టబోయింది. రాజవ్వ గబుక్కున ఎత్తుకుంది.

"అమ్మ వాసన ఒక్కటే కాదు చెల్లె, అమ్మ దగ్గు కూడా యాదికుంది. రాత్రంతా దగ్గేది. నా బిడ్డకు అది గుర్తుండొద్దు."

పొగాకు దుమ్ము ఊపిరితో లోపలికి పోతుంది. దగ్గు, ఆయాసం తెస్తుంది. పొగాకులోని విషం చర్మం గుండా కూడా ఒంట్లో చేరుతుంది. పసిపిల్లలకు ముప్పు ఇంకా ఎక్కువ.

పని మానితే రాజవ్వకు ఇల్లు గడవదు. కానీ ఆ రోజు నుంచి చాటను ఇంట్లోంచి వాకిట్లోకి మార్చింది. ముక్కుకు గుడ్డ కట్టుకుంటుంది. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కుని, చీర మార్చుకుని బిడ్డను తీసుకుంటుంది.

ఇప్పుడు బిడ్డ ఆమె మెడలో ముఖం దాచుకుంటుంది. అక్కడ సబ్బు, కొబ్బరినూనె, అమ్మ. ఆ వాసన ఆ బిడ్డకు జీవితాంతం గుర్తుంటుంది.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. రాజవ్వకు అమ్మ ఎందుకు గుర్తుకొచ్చింది?
2. ఆమె ఏయే అలవాట్లు మార్చుకుంది?
3. మీ అమ్మనో, నాన్ననో గుర్తుచేసే వాసన ఏది? మూడు మాటల్లో రాయండి.
4. మీ పిల్లలకు మీరు ఏ వాసనగా గుర్తుండాలి?